1500 గంటలు నిండాక: అమెరికా రీజనల్ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్ కావాలంటే

"అక్కా, నిన్నటితో 1500 నిండాయి. అప్లై చేసెయ్యనా?"

మొన్న రాత్రి పదిన్నరకి వచ్చిన మెసేజ్ ఇది. 1500 అంటే విమానం నడిపిన గంటలు. ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, చేరడానికి అడిగే లెక్క. నేను టెక్సస్‌లో ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నప్పుడు నా దగ్గర ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనబడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) చేసిన అమ్మాయి పెట్టింది. ఇప్పుడు తనే ఇన్‌స్ట్రక్టర్. ఏసీ లేని సెస్నాలో, మండుటెండలో రోజుకి ఐదారు గంటలు కూర్చుని ఒక్కో గంటా కూడబెట్టుకుంది. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. అయినా వెంటనే "చేసెయ్" అనలేదు. "నైట్ ఎంత? మల్టీ ఎంత? యాభై మైళ్లు దాటిన క్రాస్ కంట్రీ ఎంత?" అని అడిగాను. మల్టీ అంటే ఒకటి కంటే ఎక్కువ ఇంజిన్లున్న విమానంలో గంటలు, క్రాస్ కంట్రీ అంటే దూరం వెళ్లిన ఫ్లైట్ల గంటలు. అరగంట దాకా జవాబు లేదు. ఆ తర్వాత, "నైట్ 88, మల్టీ 31. క్రాస్ కంట్రీ కూడుతున్నా అక్కా, ఎన్నిసార్లు కూడినా ఒకేలా రావట్లేదు" అని వచ్చింది.

సరిగ్గా ఇదే ఇబ్బంది నేనూ పడ్డాను. ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసి, గ్రీన్ కార్డ్ వచ్చాక ఈ దారి పట్టాను. ఎంబ్రేయర్ 175 జెట్‌లో కుడిపక్క, అంటే ఫస్ట్ ఆఫీసర్ సీట్లో నాకిది నాలుగో ఏడు. దారిలో నాకు చెప్పేవాళ్లు లేక పోగొట్టుకున్న నెలలు చాలా ఉన్నాయి. మన తెలుగు పిల్లలు, ముఖ్యంగా నాలాగా ముప్పై దాటాక మొదలుపెట్టినవాళ్లు, ఆ నెలలు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

రీజనల్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. అమెరికాలో చిన్న ఊళ్ల నుంచి పెద్ద హబ్‌లకి తిరిగే 50 నుంచి 76 సీట్ల జెట్లు ఉంటాయి. వాటి మీద డెల్టా కనెక్షన్ అనో, అమెరికన్ ఈగల్ అనో, యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ అనో రాసి ఉంటుంది. నిజానికి వాటిలో చాలావాటిని నడిపేది స్కైవెస్ట్, రిపబ్లిక్, ఎన్వాయ్, ఎండెవర్, పీఎస్ఏ, పీడ్‌మాంట్ లాంటి కంపెనీలు. కొత్తగా ఎయిర్‌లైన్ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదటి మెట్టు ఇదే.

గంటల లెక్క

1500 ఒక్కటే చూసుకుంటే చాలదు. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల్లో పార్ట్ 61లోని 159వ సెక్షన్ ఒకసారి తెరిచి, కాగితం మీద గళ్లు గీసుకుని, మీ లాగ్‌బుక్‌లో ఉన్నవి పక్కన రాసుకోండి. పూర్తి ఏటీపీకి (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ సర్టిఫికెట్, ఎయిర్‌లైన్‌లో నడపడానికి కావాల్సింది) మొత్తం 1500 గంటలు. అందులో క్రాస్ కంట్రీ 500, నైట్ 100, ఇన్‌స్ట్రుమెంట్ 75, పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత మీదే అయినప్పుడు) 250, మల్టీ ఇంజిన్‌లో 50 ఉండాలి. వయసు 23 నిండాలి.

క్రాస్ కంట్రీ దగ్గరే అందరూ తడబడతారు. ప్రైవేట్, ఇన్‌స్ట్రుమెంట్, కమర్షియల్ చేసేటప్పుడు యాభై నాటికల్ మైళ్ల దూరంలో దిగితేనే అది క్రాస్ కంట్రీ అని మనకి నూరిపోస్తారు. ఏటీపీకి వచ్చేసరికి నిర్వచనం మారుతుంది. బయలుదేరిన చోటు నుంచి తిన్నగా కొలిస్తే యాభై మైళ్లు దాటి వెళ్లారా లేదా, అంతే. దిగాల్సిన పనిలేదు. స్టూడెంట్‌ని తీసుకుని అరవై మైళ్ల దూరంలో అప్రోచ్‌లు (రన్‌వే వైపు దిగే ప్రాక్టీస్) చేయించి, దిగకుండానే వెనక్కి వచ్చిన ఫ్లైట్లు మీ లాగ్‌బుక్‌లో ఎన్ని ఉన్నాయో వెతకండి. నావి వెతికితే 60 గంటల పైన తేలాయి. అవన్నీ నేను ఉట్టి లోకల్ ఫ్లైట్ అని రాసేసుకున్నవే. మొదటి రోజు నుంచి "ఏటీపీ క్రాస్ కంట్రీ" అని వేరే కాలమ్ పెట్టుకుంటే ఈ తవ్వకం తప్పుతుంది.

మల్టీ 31 అంటే ఆ అమ్మాయి కంగారుపడింది కానీ, అది పెద్ద చిక్కు కాదు. అప్రూవ్డ్ ట్రైనింగ్ కోర్సులో భాగంగా ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో చేసిన 25 గంటల దాకా ఆ 50లో కలుపుకోవచ్చు. అందుకే చాలా రీజనల్స్ మల్టీ 25 ఉంటే పిలుస్తాయి. మిగతాది వాళ్ల ట్రైనింగ్‌లోనే పూర్తవుతుంది.

నైట్ 88కి కూడా ఒక వెసులుబాటు ఉంది. రాత్రిపూట పూర్తిగా ఆగే ల్యాండింగులు 20 చేశాక, ఆ పైన చేసిన ఒక్కో టేకాఫ్, ల్యాండింగుని ఒక్కో నైట్ గంటగా లెక్కించుకోవచ్చు, 25 గంటల వరకూ. అయితే అవి మీ చేతులతో చేసినవై ఉండాలి. స్టూడెంట్ చేస్తుంటే పక్కన కూర్చున్నవి మీ ఖాతాలోకి రావు. తన లాగ్‌బుక్‌లో అలాంటివి నాలుగే తేలాయి. "రెండు వారాలు రాత్రిపూట ఎగిరి నిజం గంటలే నింపుకో, ఎలాగూ పనికొస్తాయి" అన్నాను.

రిస్ట్రిక్టెడ్ ఏటీపీ అని ఇంకొకటి ఉంది. వయసు 21 చాలు. ఎఫ్ఏఏ ఆమోదం ఉన్న కాలేజీలో ఏవియేషన్ మేజర్‌తో బ్యాచిలర్స్ చేసి, ఫ్లయింగ్ కూడా ఆ ప్రోగ్రాంలోనే చేసినవాళ్లకి 1000 గంటలకే వస్తుంది. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ అయితే 1250. మిలిటరీ పైలట్లకి 750. మన బీటెక్, ఎంఎస్ డిగ్రీలు దీనికి పనికిరావు. కానీ ఇందులోనే ఒక మూల, 1500 గంటలు ఉండి క్రాస్ కంట్రీ మాత్రం 200 ఉన్నా రిస్ట్రిక్టెడ్ ఇస్తారు. ఫస్ట్ ఆఫీసర్ ఉద్యోగానికి అది చాలు. క్రాస్ కంట్రీ 500 లేక ఆగిపోయినవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఏటీపీ రాత పరీక్షకి ముందు ఏటీపీ సీటీపీ అనే కోర్సు తప్పనిసరి. 30 గంటలు క్లాసు, 10 గంటలు సిమ్యులేటర్. సొంత డబ్బుతో చేస్తే వేల డాలర్లు అవుతుంది. చాలా రీజనల్స్ ఉద్యోగంలోకి తీసుకున్నాక వాళ్లే చేయిస్తాయి. అందుకని అడగకుండా ముందే డబ్బు కట్టెయ్యకండి.

కాగితాలు

నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకునేది ఇక్కడే, ఎందుకంటే ఎగరడం వచ్చినవాళ్లు కూడా ఇక్కడ జారిపోవడం చూశాను.

ముందు పేరు. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, డ్రైవింగ్ లైసెన్సులో పేరు ముందూ ఇంటిపేరు వెనకా. నేను స్టూడెంట్ పైలట్‌గా మొదటి అప్లికేషన్ నింపినప్పుడు మా నాన్నగారి పేరుని మధ్యలో పెట్టేశాను. పాస్‌పోర్టులో అది లేదు. ఆరేళ్ల తర్వాత పైలట్ సర్టిఫికెట్ మీద ఒక పేరు, పాస్‌పోర్టు మీద ఇంకో పేరు ఉన్న మనిషిగా తేలాను. ఎఫ్ఏఏ స్థానిక ఆఫీసు ఎఫ్ఎస్‌డీఓకి వెళ్లి పేరు దిద్దించుకుని కొత్త కార్డు వచ్చేదాకా అప్లికేషన్ ఆపుకోవాల్సి వచ్చింది. మీ పైలట్ సర్టిఫికెట్, మెడికల్, పాస్‌పోర్టు, గ్రీన్ కార్డ్ నాలుగూ ఈ రోజే పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి.

పని చేసే హక్కు గురించి కూడా ముందే తేల్చుకోవాలి. ఉద్యోగ ప్రకటనల్లో సాధారణంగా ఉండే మాట "అమెరికాలో స్పాన్సర్‌షిప్ లేకుండా పనిచేసే హక్కు". హెచ్-1బీ మీద ఉంటూ ఫ్లయింగ్ నేర్చుకోవచ్చేమో కానీ, దాంతో ఈ ఉద్యోగం దొరుకుతుందని లెక్కలేసుకుని అప్పు చెయ్యకండి. భారతీయ పాస్‌పోర్టుతో గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు కెనడా, మెక్సికోలకి వీసా లేకుండా వెళ్లిరావచ్చు కాబట్టి రీజనల్ రూట్లకి అది అడ్డం కాదు.

మెడికల్ ఫస్ట్ క్లాస్ తీసుకోండి. నలభై లోపు వాళ్లకి 12 నెలలు, దాటితే 6 నెలలు చెల్లుతుంది. ఇంకా ట్రైనింగ్ మొదలుపెట్టనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మొదటి డాలరు ఖర్చుపెట్టే ముందే ఫస్ట్ క్లాస్ చేయించుకోండి. బీపీ, షుగర్, మానసిక ఆరోగ్యం మందులు లాంటివేమైనా ఉంటే డాక్టర్ దగ్గర అప్లికేషన్ పెట్టకముందే ఏవియేషన్ మెడికల్ తెలిసినవాళ్లతో మాట్లాడండి. దాచడం మాత్రం వద్దు.

ఇక లాగ్‌బుక్. యాప్‌లో ఉన్నా, పుస్తకంలో ఉన్నా మొత్తాలు అప్లికేషన్‌తో దశాంశం దాకా సరిపోవాలి. నేను ఇంటర్వ్యూకి రెండు వారాల ముందు పుస్తకం మొత్తం మళ్లీ కూడాను. 43వ పేజీ అడుగున 1.7ని 7.1గా మోసుకుపోయాను. ఆ 5.4 గంటలు ఆ తర్వాతి ప్రతి పేజీలోనూ ఉన్నాయి. అన్ని పేజీలూ కొట్టెయ్యలేదు. ఆ పేజీలో ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, సంతకం పెట్టి, చివరి పేజీలో "43వ పేజీ మోత తప్పు, మైనస్ 5.4" అని ఒక లైన్ రాశాను. ఇంటర్వ్యూలో లాగ్‌బుక్ చూసినాయన ఆ లైన్ మీద వేలు పెట్టి "ఇదేంటి?" అన్నారు. చెప్పాను. తలూపి పేజీ తిప్పారు. అదే తప్పు ఆయన కనిపెట్టి ఉంటే ఆ సంభాషణ ఇంకోలా ఉండేది.

అప్లికేషన్లు ఎక్కువగా ఎయిర్‌లైన్ యాప్స్ లాంటి సైట్లలో నింపాలి. ఒక ప్రొఫైల్ చేసి చాలా కంపెనీలకి పంపొచ్చు. పదేళ్ల చిరునామాలు, ఉద్యోగాలు, ఖాళీగా ఉన్న నెలలతో సహా అడుగుతారు. ఇండియాలో ఉన్న ఏళ్లకి కూడా చెప్పాలి. పాత కంపెనీ మూతపడి ఉంటే ఫారం 16లు, ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు దగ్గర పెట్టుకోండి. ట్రాఫిక్ టికెట్లన్నీ రాయండి. తాగి బండి నడిపిన కేసు ఉంటే అది 60 రోజుల్లోపు ఎఫ్ఏఏకి చెప్పి ఉండాల్సిన విషయం.

ఫెయిలయిన చెక్‌రైడ్

పైలట్ రికార్డ్స్ డేటాబేస్, పీఆర్‌డీ అంటారు. మీ ఫెయిలయిన చెక్‌రైడ్లు (ఎగ్జామినర్ పక్కన కూర్చుని పెట్టే ఫ్లయింగ్ పరీక్షలు), ఎఫ్ఏఏ చర్యలు, పాత ఎయిర్‌లైన్ల ట్రైనింగ్ రికార్డులు అందులో ఉంటాయి. మీరు అనుమతి ఇవ్వగానే కంపెనీ చూస్తుంది. మీ రికార్డు మీరూ చూసుకోవచ్చు. అప్లై చేసే ముందు తప్పకుండా చూసుకోండి, ఏ తేదీన ఏం ఉందో అప్లికేషన్‌లో అదే రాయండి.

ఈ డేటాబేస్ ఎందుకొచ్చిందో తెలుసుకుంటే ఈ ఇంటర్వ్యూ మొత్తం అర్థమవుతుంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి కోల్గన్ ఎయిర్ 3407 బఫెలో దగ్గర కూలిపోయింది. విమానంలో 49 మంది, కింద ఇంట్లో ఒకరు, మొత్తం 50 మంది చనిపోయారు. స్పీడు పడిపోతుంటే ఇద్దరూ గమనించలేదు. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) హెచ్చరిక మొదలయ్యాక కెప్టెన్ ముక్కు దించాల్సింది పోయి పైకి లాగారు. ఫస్ట్ ఆఫీసర్ ఎవరూ అడగకుండానే ఫ్లాప్స్ (తక్కువ వేగంలో విమానాన్ని నిలబెట్టే రెక్క భాగాలు) ఎత్తేశారు. ఆమె ముందు రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణం చేసి న్యూవర్క్ చేరుకున్నారు. కెప్టెన్ ఉద్యోగంలో చేరేటప్పుడు తన పాత చెక్‌రైడ్ ఫెయిల్యూర్లన్నీ కంపెనీకి చెప్పలేదు. చనిపోయినవాళ్ల కుటుంబాలు పట్టువదలకుండా పోరాడాయి. 2010లో చట్టం వచ్చింది. ఫస్ట్ ఆఫీసర్‌కి కూడా ఏటీపీ ఉండాలన్న 1500 గంటల నియమం 2013లో అమలైంది. పీఆర్‌డీ కూడా ఆ చట్టం నుంచి వచ్చిందే.

ఆ ఇద్దరికీ 1500 గంటల కంటే చాలా ఎక్కువే ఉన్నాయి. కెప్టెన్‌కి 3379, ఫస్ట్ ఆఫీసర్‌కి 2244. అందుకే ఎదురుగా కూర్చున్న కెప్టెన్లు మీ గంటలు చూసి ఆగిపోరు. నిజం చెప్తారా, తప్పు కనబడితే నోరు తెరుస్తారా, నేర్పితే నేర్చుకుంటారా అన్నదే వాళ్ల వెతుకులాట. ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఇచ్చిన ఆ రిపోర్టు ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్వ్యూ పుస్తకాలు కొనే ముందు అది చదవండి.

నేను కమర్షియల్ చెక్‌రైడ్ ఫెయిలయ్యాను. పవర్ ఆఫ్ 180 అనే విన్యాసం. రన్‌వే పక్కగా వెయ్యి అడుగుల ఎత్తులో వెళ్తూ ఇంజిన్ పవర్ తీసేసి, తిరిగి వచ్చి, ముందే చెప్పిన గీత మీద గానీ అది దాటాక 200 అడుగుల లోపు గానీ చక్రాలు ఆనించాలి. గీతకి ముందు ఆనితే ఫెయిల్. నేను ఫ్లాప్స్ ఒక నాచ్ తొందరపడి వేశాను. గీత దగ్గరకొస్తోంది, విమానం కిందకి జారిపోతోంది, చేతిలో పవర్ లేదు. పదిహేను అడుగుల ముందు చక్రం కీచుమంది. ఎగ్జామినర్ ఏమీ అనలేదు, కాగితం మీద రాసుకున్నారు. మూడు రోజుల తర్వాత మళ్లీ చేసి పాసయ్యాను.

ఇంటర్వ్యూకి ముందు ఒక సీనియర్ కెప్టెన్ ఫోన్‌లో నాకు మాక్ ఇంటర్వ్యూ పెట్టారు. ఈ ఫెయిల్యూర్ గురించి అడిగితే, ఆ రోజు ఎదురుగాలి ఎక్కువని, మధ్యాహ్నం రెండింటికి స్లాట్ ఇచ్చారని నాలుగు నిమిషాలు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "గాలి గురించి నేను అడగలేదమ్మా, నువ్వేం చేశావో అడిగాను" అన్నారు. ఆ రాత్రి కూర్చుని మూడు వాక్యాలు రాసుకున్నాను. ఫ్లాప్స్ తొందరపడి వేశాను, గీతకి ముందు దిగాను. గాలిని బట్టి కాకుండా అలవాటు కొద్దీ వేశాను, అదీ కారణం. అప్పటి నుంచి ఫైనల్‌లో గీత ఖాయంగా అందుతుందని తేలేదాకా చెయ్యి ఫ్లాప్ లీవర్ మీదకి వెళ్లనివ్వలేదు, నా స్టూడెంట్లకీ అదే నేర్పాను. అసలు ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకి పట్టింది అర నిమిషం. ఒకటి రెండు ఫెయిల్యూర్లు ఉన్నవాళ్లు నా క్లాసులో చాలామందే ఉన్నారు. ఎక్కువ ఉన్నా, ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ ఉన్నా కష్టమే. అలాంటప్పుడు ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తూనే, ఆ బలహీనత మీద పనిచేసినట్టు చూపించగలగాలి.

ఇంటర్వ్యూ

కొన్ని కంపెనీలు వీడియోలో చేస్తాయి, కొన్ని తమ ట్రైనింగ్ సెంటర్‌కి పిలుస్తాయి. నాది నేరుగా జరిగింది. ఒక హెచ్ఆర్ ఆవిడ, ఇద్దరు కెప్టెన్లు. నల్ల సూటు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కాగితాల ఫోల్డరు.

టెక్నికల్‌లో మొదట నా ముందుకి జెప్పెసన్ కంపెనీ అప్రోచ్ ప్లేట్ (రన్‌వేకి దిగే దారి చూపించే చార్టు) ఒకటి తోశారు. "బ్రీఫ్ చెయ్యండి." నేను అన్నాళ్లూ ఐప్యాడ్‌లో ఎఫ్ఏఏ చార్టులు చూసినదాన్ని. రీజనల్స్‌లో జెప్పెసన్ వాడకం ఎక్కువని తెలిసి నెల రోజులు రోజుకొక ప్లేట్ తీసుకుని, వంటింట్లో నిలబడి గట్టిగా బ్రీఫ్ చేసుకున్నాను. పై పట్టీలో ఎడమ నుంచి కుడికి ఫ్రీక్వెన్సీ, ఫైనల్ కోర్సు, గ్లైడ్‌స్లోప్ (దిగే వాలు) ఎత్తు, మినిమమ్స్ (రన్‌వే కనబడకపోతే అంతకన్నా దిగకూడని ఎత్తు), ఎయిర్‌పోర్ట్ ఎలివేషన్, తర్వాత మిస్డ్ అప్రోచ్ (దిగలేకపోతే వెళ్లే దారి). కన్ను ఆ వరసలో నడిస్తే నోరు దానంతట అదే వెనక నడుస్తుంది. తర్వాత కెప్టెన్ ప్లేట్‌లో ఒక మూల గుర్తు చూపించి అదేంటన్నారు. నాకు తెలియలేదు. "తెలియదండీ, లెజెండ్ పేజీలో చూసి చెప్తాను" అన్నాను. ఊహించి చెప్పడం కంటే ఇదే నయం.

ఇక చేతి వేళ్ల మీద ఉండాల్సినవి. పదివేల అడుగుల కింద 250 నాట్లు. హోల్డింగ్‌లో (గాలిలో ఒకే చోట చుట్లు తిరుగుతూ వేచి ఉండటం) ఆరువేల దాకా 200, పద్నాలుగు వేల దాకా 230, పైన 265. పద్నాలుగు వేలు, అంతకన్నా తక్కువలో ఒక నిమిషం లెగ్, పైన నిమిషంన్నర. డిసెంట్ లెక్క నోటితో వెయ్యాలి: 35 వేల నుంచి 10 వేలకి దిగాలంటే 25 వేలు తగ్గాలి, వెయ్యికి మూడు మైళ్ల చొప్పున 75 మైళ్లు. స్పీడు తగ్గడానికి ఇంకో పది కలుపుకోవాలి. మూడు డిగ్రీల గ్లైడ్‌స్లోప్ మీద గ్రౌండ్ స్పీడుని ఐదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది, 140 నాట్లకి 700. ఎయిర్‌లైన్లు నడిచేది పార్ట్ 121 కింద కాబట్టి, గమ్యానికీ ఆల్టర్నేట్‌కీ (అక్కడ దిగలేకపోతే వెళ్లే ఇంకో ఎయిర్‌పోర్టు) చేరాక ఇంకో 45 నిమిషాల ఇంధనం ఉండాలన్నది, టేకాఫ్ ఆల్టర్నేట్ రెండు ఇంజిన్ల విమానానికి ఒక ఇంజిన్‌తో గంట దూరంలో ఉండాలన్నది గుర్తుంచుకోండి. స్వెప్ట్ వింగ్, డచ్ రోల్, వీ1 అంటే ఏమిటో పుస్తకం మాటల్లో కాకుండా మీ స్టూడెంట్‌కి చెప్పినట్టు చెప్పండి. ఇన్‌స్ట్రక్టర్లకి ఇక్కడ బాగా కలిసొస్తుంది.

తర్వాత వచ్చేవి సందర్భాలు. నన్ను అడిగింది ఇది: "కెప్టెన్ ఫ్లై చేస్తున్నారు. వెయ్యి అడుగుల దగ్గర స్పీడు ఎక్కువ, గ్లైడ్‌స్లోప్ పైన ఉన్నారు. ఆగట్లేదు. మీరేం చేస్తారు?"

మనం పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని విని పెరిగినవాళ్లం. టీచర్ తప్పు రాసినా బోర్డు వైపు చూస్తూ నోట్సులో దిద్దుకున్నవాళ్లం. నేనూ అంతే. ఈ ప్రశ్నకి జవాబు బట్టీ పడితే సరిపోదు, గొంతులోంచి రావాలి. "అన్‌స్టేబుల్, గో అరౌండ్" (అప్రోచ్ కుదురుగా లేదు, దిగకుండా మళ్లీ పైకి లేపండి) అని స్పష్టంగా అంటాను. జవాబు లేకపోతే మళ్లీ అంటాను. రెండోసారీ స్పందన లేకపోతే ఆయనకి ఏదో అయిందనుకుని కంట్రోల్స్ తీసుకుని గో అరౌండ్ చేస్తాను. కింద దిగాక మాట్లాడుకుంటాం. ఇలా చెప్పాను. ఎడమవైపు కెప్టెన్ "ఆయన మీ కంటే ఇరవై ఏళ్లు సీనియర్. చెక్ ఎయిర్‌మన్ (మిగతా పైలట్లని పరీక్షించేవారు) కూడా. అయినా?" అన్నారు. "అయినా" అన్నాను. దీనికి ఇంట్లోనే ప్రాక్టీస్ చెయ్యండి. అద్దం ముందు గట్టిగా అనండి. మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పదిసార్లు అన్నాను. మొదటిసారి నా గొంతు నాకే వినబడలేదు.

మద్యం వాసన వస్తున్న కెప్టెన్, డోర్ మూసే ముందు తొందరపెట్టే గేట్ ఏజెంట్, నిద్రలేక వచ్చిన మీరు, ఇలాంటివే ఇంకొన్ని అడుగుతారు. విమానం కదలనివ్వకుండా ముందు ఆపడం, నేరుగా ఆ మనిషితో మాట్లాడటం, అవసరమైతే పైకి చెప్పడం, ఆ వరస దేనికైనా పనికొస్తుంది. హెచ్ఆర్ అడిగే "ఒక గొడవ గురించి చెప్పండి" లాంటి వాటికి ఫ్లయింగ్ కథలే వెతకకండి. నేను చెప్పిన రెండింటిలో ఒకటి టెస్టింగ్ ఉద్యోగంలోది: రిలీజ్ ముందు రోజు ఒక బగ్ పట్టుకుని మేనేజర్‌తో వాదించి విడుదల ఆపించిన సంగతి. ఆ కథ అయ్యాకే హెచ్ఆర్ ఆవిడ మొదటిసారి పెన్ను కింద పెట్టి నా వైపు చూశారు.

ఆఫర్ వచ్చాక

కండిషనల్ ఆఫర్ వస్తుంది, అంటే ఇంకా అయిపోలేదు. వేలిముద్రలు, పదేళ్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్. గసగసాల కూర, గసగసాలు వేసిన మసాలాలు ఆ పది పదిహేను రోజులు మానెయ్యండి. ఓపియేట్స్ టెస్టులో అవి గొడవ పెట్టే అవకాశం ఉంది. నొప్పులకని ఎవరైనా సీబీడీ (గంజాయి జాతి మొక్క నుంచి తీసేది) నూనె ఇస్తే ముట్టుకోకండి. టెస్టులో గంజాయి పాజిటివ్ వస్తే, సీబీడీ వాడానన్న వివరణని ప్రభుత్వం ఒప్పుకోదు.

కాంట్రాక్టులో ట్రైనింగ్ ఖర్చు వెనక్కి కట్టాలన్న షరతు ఉందేమో, బోనస్ ఎప్పుడిస్తారో, ఎన్నేళ్లు ఉండాలో చదవండి. క్లాస్ డేట్లు రెండు ఇస్తే, ఇంట్లో మరీ ఇబ్బంది లేకపోతే ముందుది తీసుకోండి. ఎయిర్‌లైన్‌లో బేస్, షెడ్యూల్, సెలవులు, కెప్టెన్ అప్‌గ్రేడ్ అన్నీ సీనియారిటీ నంబరు మీదే నడుస్తాయి. నెల ముందు చేరినవాళ్లు మీ ముందే ఉంటారు, ఉద్యోగం ఉన్నంతకాలం. బేస్ దగ్గర ఉండగలిగితే ఉండండి. మొదట్లో రిజర్వ్‌లో ఉంటారు, ఫోన్ మోగితే గంటల్లో ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఇంకో రాష్ట్రం నుంచి జంప్‌సీటు (పైలట్లకి ఇచ్చే అదనపు సీటు) మీద వచ్చి రిజర్వ్ చెయ్యడం నేను ఎనిమిది నెలలు చేశాను. ఆ అలసట కాక్‌పిట్‌లోకి రాకుండా ఉండాలంటే క్రాష్‌ప్యాడ్‌కి (బేస్ దగ్గర పైలట్లు పంచుకునే గది) అద్దె కట్టి ముందు రోజే చేరుకోవడం తప్ప వేరే దారి కనబడలేదు.

ట్రైనింగ్ మొదలయ్యే ముందు మెయిల్‌లో మెమరీ ఐటమ్స్ (ఎమర్జెన్సీలో చూడకుండా చెయ్యాల్సినవి), లిమిటేషన్స్ (విమానం పరిమితులు), ఫ్లోస్ (స్విచ్‌లు చూసుకునే వరస) వస్తాయి. క్లాస్ మొదటి రోజుకే అవి నోటికి రావాలి. కాక్‌పిట్ ప్యానెళ్ల పోస్టరు ప్రింట్ తీయించి, కుర్చీలో కూర్చుంటే నిజమైన ఎత్తులో చేతికి అందేలా గోడకి అతికించాను. ఓవర్‌హెడ్ ప్యానెల్‌ని సీలింగ్‌కి పెట్టాల్సింది, నాకు నిచ్చెన లేక అల్మారా తలుపు మీద పెట్టాను. ప్రతి రాత్రి కూర్చుని చెయ్యి చాచి ఒక్కో స్విచ్ తాకుతూ పేరు పలికేదాన్ని. రెండు వారాలకి కాగితం మీద ఏపీయూ (విమానంలోని చిన్న సహాయక ఇంజిన్) స్విచ్ దగ్గర నా వేలు ఆనిన చోట మచ్చ పడింది.